రెండవ ద్వారము

లక్కయింటి కథ తెలియని తెలుగు గృహము లేదు. దుర్యోధనుని యానతి చొప్పున పురోచనుడు వారణావతమున లక్క, నేయి మొదలైన మండెడి వస్తువులతో కట్టించిన భవనములో పాండవులు ఏడాదిపాటు కాపురముండిరి. విదురుడు పంపిన ఖనకుడొకడు ఎవరి కంటను పడకుండ ఇంటిలోపలినుండి సొరంగము త్రవ్వెను. ఒకనాటి రాత్రి భీముడు తానే ఇంటికి నిప్పంటించి, తల్లిని, సోదరులను వెంటబెట్టుకొని ఆ సొరంగముగుండ బయటపడెను. ఈ కథను విదురుని ధర్మబుద్ధికిని, పాండవుల మెలకువకును నిదర్శనముగా మనము చెప్పుకొనుచుందుము. కాని త్వరత్వరగా దాటిపోవు భాగమొకటి ఇందులో కలదు. ఆ రాత్రి కుంతి పెట్టిన విందు కుడిచి, మత్తులో నిద్రపోయిన నిషాదస్త్రీ యొకతెయు, ఆమె కొడుకులైదుగురును ఆ యింటనే కాలిపోయిరి. తెల్లవారి ఆ యారు శవములను చూచి, కుంతియు పాండవులును మరణించిరని లోకము నమ్మెను. సొరంగము ఆ యింటనే యున్నది. కాని ఆ తల్లికి దాని సంగతి చెప్పినవారు లేరు. దారి తెలిసినవారు బ్రదికిరి, తెలియనివారు చనిపోయిరి.

అగ్నిప్రమాదముల చరిత్రను చదువునపుడెల్ల మాకు ఈ నిషాదస్త్రీ జ్ఞప్తికి వచ్చుచుండును. నిప్పు పుట్టుట ఆకస్మికము కావచ్చును. ఏ దీపమో ఒరగును, ఏ విద్యుత్తు తీగయో వేడెక్కి కాలును, ఏ చుట్టముక్కయో తుక్కులో పడును. కాని ఆ నిప్పులో చిక్కుకొనువారెవరు, బయటపడువారెవరు అను నిర్ణయము నిప్పు పుట్టుటకు నెలల ముందే, ఒక్కొక్కప్పుడు ఏండ్ల ముందే జరిగిపోవును. ఇల్లు కట్టినవాడును, తలుపునకు తాళము వేసినవాడును, మెట్లమీద మూటలు పేర్చినవాడును కలిసి ఆ నిర్ణయమును చేసియుందురు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట అవివేకమని మన పెద్దలు సామెత కట్టిరి. ద్వారము సంగతియు అట్టిదే. ఈ చిన్నమాటను నేర్చుకొనుటకు లోకము చెల్లించిన మూల్యమును, నేర్చియు మరచుటకు ఇంకను చెల్లించుచున్న మూల్యమును పాఠకులకు నివేదింపదలచితిమి.

1903వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన షికాగో నగరమునందలి ఇరోక్వాయ్ నాటకశాలలో పగటి ప్రదర్శనము జరుగుచుండెను. ఆ నాటకశాల తెరచి అప్పటికి అయిదు వారములు మాత్రమే అయినది. దానికి నిప్పు భయము బొత్తిగా లేదని యజమానులు ప్రకటించుకొనిరి. పండుగ సెలవులగుటచేత ప్రేక్షకులలో స్త్రీలును పిల్లలును మిక్కుటముగా నుండిరి. రంగస్థలమున దీపపు నిప్పు తెరకంటుకొనెను. ప్రేక్షకులు ద్వారములవైపు పరుగెత్తిరి. ద్వారములు కొన్ని తాళము వేసియుండెను. కొన్నిటి గడియలు ఆ యూరివారికి పరిచయము లేనివి. ఎట్లు తీయవలెనో తెలియలేదు. మరికొన్ని లోపలికి తెరచుకొనునవి. వెనుకనుండి జనము త్రోయుచుండగా ముందున్నవారు వానిని తమవైపు లాగుకొనలేకపోయిరి. చనిపోయినవారు 602 మంది. భవనము నిజముగనే గట్టిది; గోడలు నిలిచియుండెను. నిప్పునకు లొంగని కట్టడమనగా నిప్పునకు లొంగని మనుష్యులు కారని ఆనాడు లోకమునకు తెలిసివచ్చెను.

ఈ ఘోరమునుండి ఒక మేలైన వస్తువు పుట్టెను. ఇండియానాపొలిసు నగరమున ఇనుపసామానుల వర్తకమున పనిచేయుచుండిన కార్ల్ ప్రింజ్లరు అనునతడు ఆనాటి ప్రదర్శనమునకు పోవలసియుండి, వేరొక పని తగులుటచేత పోలేకపోయెను. తప్పిపోయిన మృత్యువు అతనిని ఆలోచింపజేసెను. హెన్రీ డూపాంట్ అను శిల్పితో కలిసి అతడొక గడియను కల్పించి, 1908లో అమ్మకమునకు తెచ్చెను. తలుపునకు అడ్డముగా, నడుమెత్తున ఒక కమ్మి యుండును. లోపలినుండి చేతితోనో, ఒంటితోనో ఆ కమ్మిని త్రోసినంతనే గడియ వీడి తలుపు వెలుపలికి తెరచుకొనును. వెలుపలివానికి మాత్రము ఆ తలుపు మూసియే యుండును. దొంగకు మూసిన తలుపును, ఆపదలో నున్నవానికి తెరచిన తలుపును ఒక్కటే కావచ్చునని దీనివలన ఋజువయ్యెను. ఇంతకు చాల ముందే, 1874లో, హెన్రీ పార్మెలీ అను పియానోల వ్యాపారి తన కర్మాగారము కొరకు, నిప్పు వేడికి దానంతట అదే విచ్చుకొని కప్పునుండి నీరు చల్లెడి గొట్టములను కనిపెట్టియుండెను. ఈ రెండు సంగతులను పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక. ఇక చెప్పబోవు కథలో ఉపాయము తెలియక జరిగినది స్వల్పము.

1911వ సంవత్సరము మార్చి 25వ తేదీ శనివారము. న్యూయార్కు నగరమున వాషింగ్టన్ స్క్వేరు సమీపమునందలి ఆష్ భవనము పది అంతస్తులది. అందు పై మూడు అంతస్తులలో ట్రయాంగిల్ కంపెనీ వారు స్త్రీలు తొడుగుకొను ఒక విధమైన రవికలను కుట్టించుచుండిరి. పనివారు సుమారు 500 మంది. వారిలో అధికసంఖ్యాకులు ఇటలీనుండియు, తూర్పు ఐరోపానుండియు పొట్టచేతబట్టుకొని వచ్చిన కుటుంబముల పడుచులు. పదునాలుగేండ్ల బాలికలును అందుండిరి. 1909లో ఆ నగరమున రవికలు కుట్టు పనివారు ఇరువదివేలమంది సమ్మె చేసినపుడు ఈ కంపెనీ పడుచులు ముందు నిలిచిరి. తలుపులకు తాళములు వేయరాదనియు, నిప్పు సమయమున దిగుటకు చాలినన్ని మెట్లుండవలెననియు వారు కోరిరి. కూలి విషయమున కొంత లాభము కలిగెను గాని, ఆ కోరికలు మాత్రము కోరికలుగనే మిగిలెను.

సాయంకాలము 4 గంటల 40 నిమిషములకు, పని ముగియుటకు కొద్దిసేపు ముందు, ఎనిమిదవ అంతస్తున గుడ్డలు కత్తిరించు బల్లక్రింద నున్న తుక్కుపెట్టెలో నిప్పు కనబడెను. ఆర్పని అగ్గిపుల్లయో, సిగరెట్టుముక్కయో అందులో పడియుండునని విచారణాధికారి అభిప్రాయపడెను. ఆ పెట్టెలో రెండు నెలలకు పైగా పోగుపడిన సన్నని నూలుగుడ్డ పీలికలుండెను. నూలుపీలికలు ఎండుగడ్డికంటె వేగముగా మండును. పనివారు బాల్చీలతో నీరు చల్లిరి, ప్రయోజనము లేకపోయెను. గోడకున్న నీటిగొట్టమును లాగిరి. అందు నీరు రాలేదు. కప్పునుండి నీరు చల్లెడి గొట్టములు, కనిపెట్టి 37 ఏండ్లైనను, ఆ భవనమున లేవు. నిప్పు పుట్టినపుడు ఎట్లు బయటికి పోవలెనో పనివారికి నేర్పినవారును లేరు.

ఎనిమిదవ అంతస్తునుండి పదియవ అంతస్తునకు టెలిఫోను మూలముగా వార్త పోయెను. యజమానులైన మాక్స్ బ్లాంక్, ఐజాక్ హారిస్ అనువారి కచేరి ఆ పదియవ అంతస్తున నుండెను. వారును, అచ్చటి ఉద్యోగులలో దాదాపు అందరును మిద్దెమీదికి ఎక్కి, ప్రక్కభవనమున న్యాయశాస్త్రము చదువుకొనుచున్న విద్యార్థులు వేసిన నిచ్చెనలమీదుగా తప్పించుకొనిరి. నడుమనున్న తొమ్మిదవ అంతస్తునకు మాత్రము వార్త అందలేదు. అచ్చటి పడుచులకు నిప్పు వచ్చినదను కబురును, నిప్పును ఒక్కసారిగనే వచ్చెను. లక్కయింటి సొరంగము పాఠకులకు ఇచ్చట స్ఫురింపక మానదు.

తొమ్మిదవ అంతస్తునుండి దిగుటకు మెట్లదారులు రెండు. గ్రీన్ వీధివైపు దారిని మంటలు త్వరలోనే ఆక్రమించెను. వాషింగ్టన్ ప్లేసు వైపు దారి తలుపునకు తాళము వేసియుండెను. సాయంకాలము పనివారందరును ఒక్క దారినే, ఒకరివెనుక నొకరు నడచి, తమ చేతిసంచులను కావలివానికి చూపి పోవలెను. రవికముక్క నెవ్వరును దొంగిలించి కొనిపోరాదు. అందుకొరకు ఆ రెండవ తలుపు మూయబడెను. వెలుపలి గోడకున్న ఇరుకైన ఇనుపమెట్లు జనుల బరువునకు ఊడి, ఎక్కినవారితోకూడ నేలగూలెను. లిఫ్టులు నడుపు ఇరువురు పనివారు, జోసెఫ్ జీటో, గాస్పర్ మోర్టిల్లారో అనువారు, మంటలలోనికి మరల మరల పోయి, యంత్రము మొరాయించువరకు మనుష్యులను దింపి అనేకుల ప్రాణములు కాపాడిరి. అగ్నిమాపకదళము వేగముగనే వచ్చెను. కాని వారి నిచ్చెన ఆరవ అంతస్తును దాటి పైకి పోలేదు. కిటికీలనుండి దూకినవారి వేగమునకు, క్రింద పట్టిన వలలు చిరిగిపోయెను. పదునెనిమిది నిమిషములలో మంటలు అదుపులోనికి వచ్చెను. ఆ పదునెనిమిది నిమిషముల మంటకు 123 మంది స్త్రీలును, 23 మంది పురుషులును, మొత్తము 146 మంది బలియైరి. వారిలో ఆరుగురి పేర్లు నూరేండ్ల తరువాత, 2011లో గాని లోకమునకు తెలియలేదు. భవనము మాత్రము చెక్కుచెదరలేదు. నేటికిని అది నిలిచియున్నది. అందు విశ్వవిద్యాలయపు తరగతులు జరుగుచున్నవి.

యజమానులమీద అభియోగము నడచెను. తలుపు తాళము వేసియున్నదని పలువురు సాక్ష్యమిచ్చిరి. అయినను, ఆ సమయమున తాళము వేసియున్నట్లు యజమానులకు స్వయముగా తెలిసియుండినట్లు నిస్సంశయముగా ఋజువు కావలెనని న్యాయాధిపతి జ్యూరీకి బోధించెను. 1911 డిసెంబరులో వారు నిర్దోషులని విడువబడిరి. ఆ విచారణలో హారిస్ ఇచ్చిన వాఙ్మూలమున నొక మాట కలదు. పనివారు దొంగిలించిన సరుకు విలువ యెంతయని అడుగగా, మొత్తము మీద 25 డాలర్లకు మించదని అతడే యొప్పుకొనెను. మూడేండ్ల తరువాత, 1914లో, సివిలు దావాలు రాజీపడినపుడు మృతుల కుటుంబములకు ప్రాణమొకటింటికి 75 డాలర్ల చొప్పున ముట్టెను. ఈ నడుమ, 1913లో, బ్లాంక్ తన కొత్త కర్మాగారమున పనివేళలో మరల తలుపునకు తాళము వేయించి పట్టుబడెను. విధించిన జుల్మానా 20 డాలర్లు. ఇరువదియైదు, డెబ్బదియైదు, ఇరువది: ఈ మూడు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో ఆనాటి నాగరికత తన పనివారికి కట్టిన వెల తెలియును. మేము వ్యాఖ్యానించుట అనవసరము.

ఆ శనివారము సమీపమున స్నేహితురాలి యింట తేనీరు త్రాగుచుండిన ఫ్రాన్సిస్ పెర్కిన్సు అను యువతి కేకలు విని పరుగెత్తి వచ్చి, కిటికీలనుండి దూకువారిని కన్నులార చూచెను. ఆ దృశ్యము ఆమె జీవితమును మార్చెను. న్యూయార్కు రాష్ట్ర శాసనసభ ఆ సంవత్సరమే కర్మాగారముల విచారణసంఘము నొకదానిని నియమించెను. రాబర్ట్ వాగ్నరు దానికి అధ్యక్షుడు, ఆల్ఫ్రెడ్ స్మిత్ ఉపాధ్యక్షుడు. పెర్కిన్సు ఈ సంఘమునకు తోడ్పడి, సభ్యులను తానే వెంటబెట్టుకొనిపోయి కర్మాగారములను కన్నులకు చూపించెను. కాగితముమీద 'నిప్పునుండి తప్పించుకొను దారి' అని వ్రాసియున్న చోట మంచుగడ్డ కట్టిన ఇనుపనిచ్చెన యుండిన, దానిని దిగి చూడుడని శాసనసభ్యులతో చెప్పగల ధైర్యము ఆమెది. ఈ సంఘపు కృషివలన కొద్ది సంవత్సరములలో ముప్పదికి పైగా చట్టములు వచ్చెను. పనివేళలో తలుపులు మూయరాదు, తలుపులు వెలుపలికి తెరచుకొనవలెను, తుక్కును ఎప్పటికప్పుడు తీసివేయవలెను, పనిచోట పొగత్రాగరాదు, నిప్పు సమయమున బయటికి పోవు విధమును పనివారికి అభ్యాసము చేయింపవలెను, ఎత్తైన కర్మాగారములలో నీరు చల్లెడి గొట్టములుండవలెను. ఇవన్నియు వినుటకు సామాన్యములైన మాటలే. 146 మంది చనిపోకముందును ఇవి సామాన్యములైన మాటలే. 1933లో పెర్కిన్సు అమెరికా దేశమునకు కార్మికశాఖ కార్యదర్శి యయ్యెను. ఆ దేశపు మంత్రివర్గమున చేరిన మొదటి స్త్రీ ఆమెయే.

కథ ఇంతటితో ముగిసిన బాగుండును. కాని ఎనుబదియేండ్ల తరువాత, 1991 సెప్టెంబరు 3వ తేదీన, అదే అమెరికా దేశమున, ఉత్తర కెరొలైనా రాష్ట్రమునందలి హామ్లెట్ అను చిన్న పట్టణమున కోడిమాంసపు కర్మాగారములో నిప్పు పుట్టి 25 మంది మరణించిరి. తలుపులకు తాళములుండెను. కారణమేమనగా, పనివారు కోడిమాంసమును దొంగిలింతురేమో యను అనుమానము. 1993లో థాయిలాండున బొమ్మల కర్మాగారమున 188 మంది, 2012 సెప్టెంబరులో కరాచీ నగరపు బట్టల కర్మాగారమున 250 మందికి పైగా, అదే సంవత్సరము నవంబరులో ఢాకా సమీపమున మరియొక బట్టల కర్మాగారమున నూరుమందికి పైగా దగ్ధమైరి. దేశములు వేరు, భాషలు వేరు, మతములు వేరు. మూసిన దారియు, ఊచల కిటికీయు అన్నిచోట్ల ఒక్కటే. న్యూయార్కు పడుచుల స్థానమున ఢాకా పడుచులు కూర్చుండి కుట్టుచున్నారు. కుట్టుడు పని ఏ దేశమున చౌకయో ఆ దేశమునకు మూసిన తలుపును వలసపోవుచున్నది.

మన దేశమున చట్టము లేకపోలేదు. 1948లో చేయబడిన ఫ్యాక్టరీల చట్టపు మొదటి పాఠముననే, గదిలో మనుష్యులుండగా బయటికి పోవు తలుపులను లోపలినుండి వెంటనే తెరచుటకు వీలులేనట్లు మూయరాదనియు, ప్రక్కకు జరుపు తలుపులు తప్ప తక్కినవి వెలుపలికే తెరచుకొనవలెననియు స్పష్టముగా వ్రాయబడెను. షికాగో, న్యూయార్కు నగరముల పాఠము మన శాసనములోనికి అక్షరములుగా వచ్చినది. ఆచారములోనికి మాత్రము రాలేదు. 1997 జూన్ 13వ తేదీన ఢిల్లీ నగరమునందలి ఉపహార్ సినిమాశాలలో క్రింది అంతస్తున విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరు మండి, పొగ పైకెగసినపుడు 59 మంది మరణించిరి. బాల్కనీలో అదనముగా వేసిన కుర్చీలు నడకదారిని అడ్డగించెను. నాలుగు టిక్కెట్లు ఎక్కువ అమ్ముకొనవలెనను ఆశ అచ్చటి తాళము. 2004 జూలై 16వ తేదీన కుంభకోణమున నొక పాఠశాల వంటపాకలో పుట్టిన నిప్పు పై అంతస్తు తాటాకు కప్పునకంటుకొని 94 మంది పసిబిడ్డలను పొట్టన పెట్టుకొనెను. వారు దిగవలసిన మెట్లు ఇరుకైనవి.

తెలుగునాట జరిగినదానిని చెప్పక మానుట న్యాయము కాదు. 2022 మార్చి 23వ తేదీ తెల్లవారుజామున సికింద్రాబాదు భోయిగూడలోని తుక్కుసామాను గోదామున నిప్పు పుట్టెను. పైన నిద్రించుచున్న బీహారు రాష్ట్రపు పనివారు 11 మంది చనిపోయిరి. పైనుండి క్రిందికి దిగుటకు ఒక్క ఇనుప చుట్టుమెట్ల దారి మాత్రమే యుండెను. అది మంటలవైపునకే దిగుచుండెను. కిటికీనుండి దూకిన యొక్కడు బ్రదికెను. వందల మైళ్ల దూరమునుండి కూలికి వచ్చి, మన పట్టణపు చెత్తను వేరుచేయుచు, ఆ చెత్తమీదనే నిద్రించిన ఈ పదునొకండుగురి స్థితికిని, ఆ నిషాదస్త్రీ స్థితికిని భేదమేమి? ఆ రాత్రి ఆమె పరులయింట అతిథి. వీరు పరులయూర అతిథులు. రెండవదారి ఆమెకు చెప్పలేదు. వీరికి కట్టనే లేదు.

ఇక నిప్పు మనుష్యుని చంపు విధమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. అగ్నిప్రమాదములలో మృత్యువు తఱుచుగా మంటలకంటె ముందే పొగ రూపమున వచ్చును. చాలినంత గాలి లేక మండు వస్తువులనుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తమునందలి ఎఱ్ఱని పదార్థము ప్రాణవాయువునకంటె రెండువందల రెట్లకు పైగా ఈ విషవాయువునకు అంటుకొనును. అందుచేత మనుష్యుడు దగ్గుటకైనను లేవకుండ, నిద్రలోనే స్మృతి తప్పును. నిద్రించువానికి పొగవాసన మెలకువ తెప్పించునని నమ్ముట పొరపాటు; నిద్రలో ముక్కు పనిచేయదు, చెవి పనిచేయును. కావుననే పొగ తగిలినంతనే కూత పెట్టెడి చిన్న యంత్రములు నేడు చవుకగా దొరకుచున్నవి. వేడిపొగ పైకి లేచును గనుక, నేలకు దగ్గరగా వంగి పోవువానికి శ్వాస దొరకును. దారి వెదకుటకు లభించు కాలము నిమిషములలో నుండును. ఆ నిమిషములలో తాళపుచెవి ఎక్కడనో వెదకువాడు దారిలేనివానితో సమానుడు.

ఇదంతయు కర్మాగారముల గొడవ, గృహస్థులమైన మనకేమి యని ఎవరైన తలంచినచో, వారు ఒక్కమారు తమ యింటి గడపలో నిలిచి చూడవలెనని మా మనవి. మన పట్టణపు ఇండ్లలో కిటికీలకన్నిటికిని ఇనుపఊచలు, వసారాకు ఊచలచట్రము, వీధివాకిటికి మడతల ఇనుపగేటు, దానికి రాత్రి తాళము. తాళపుచెవి యజమాని దిండుక్రింద నుండును. పనిమనిషి వంటింటిలో పరుండును. ముసలితల్లి వెనుకగదిలో పరుండును. దొంగకు భయపడి మనము ప్రతిరాత్రియు మన యింటిని చెరసాల చేసికొనుచున్నాము. ట్రయాంగిల్ యజమానులు పనివారిని అనుమానించి తాళము వేసిరి. మనము వీధిని అనుమానించి వేయుచున్నాము. నిప్పునకు ఈ భేదము తెలియదు.

అట్లని తలుపులు తెరచి నిద్రింపుడని మేము చెప్పుట లేదు. దొంగకు మూసి, ఇంటివానికి తెరచియుండు ఉపాయము 1908 నాడే లోకమున దొరకినదని పైన చెప్పితిమి. ఇంటికి అంత యంత్రమైన నక్కరలేదు. తాళపుచెవిని గేటుకు దగ్గరగా, వెలుపలినుండి చేయి చాచినను అందని చోట, ఒక మేకునకు వ్రేలాడదీసి, ఆ చోటును ఇంటనున్న పసివానికిని, పనిమనిషికిని చూపియుంచిన చాలును. ప్రతి అంతస్తునను ఒక్క కిటికీ ఊచలచట్రమునైనను బందులమీద తెరచుకొనునట్లు చేయింపవచ్చును. అంతస్తుల మేడలలో మెట్లమీద సైకిళ్లు, చెప్పులబీరువాలు, పాతపరుపులు పేర్చుట మానవలెను. మిద్దెతలుపునకు వేసిన తాళము ఎవరి యధీనమున నున్నదో అడిగి తెలిసికొనవలెను; ట్రయాంగిల్ యజమానులకు ఆ మిద్దెదారియే ప్రాణము పోసినది. విద్యుత్తు స్కూటర్లను రాత్రివేళ మెట్లక్రింద, బయటికి పోవు ఒకేదారిలో, ఛార్జి చేయుట లక్కయింటి గుమ్మమున నిప్పు పెట్టుకొనుటయే.

నిప్పును పుట్టకుండ చూచుట కూడ స్త్రీపురుషులిరువురి విధియే. వంటయింటి గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమట్టమున పరచుకొనును. దాని సహజపు వాసన స్వల్పము. మనకు తెలియుటకై గంధకపు ద్రవ్యమును కలుపుదురు. ఆ వాసన తగిలినపుడు దీపపుమీట వేయుటగాని, ఉన్నమీటను ఆర్పుటగాని కూడదు. మీటలో పుట్టు చిన్న మిణుగురే చాలును. సిలిండరు మూసి, తలుపులు తెరచి, వెలుపలికి నడువవలెను. మూకుడులోని నూనె మండినచో నీరు పోయరాదు. నీరు అడుగునకు పోయి ఆవిరియై మండెడి నూనెను ఇల్లంతయు చిమ్మును. పొయ్యి ఆర్పి, మూకుడుపై మూత వేసిన చాలును. ఒక్క ప్లగ్గునకు మూడు యంత్రములు తగిలించుట, ఒరిసిపోయిన తీగలకు గుడ్డపీలిక చుట్టుట వంటి పొదుపులు తుదకు ఖర్చులోనే తేలును. ఇవి ప్రతి ఇల్లాలికిని తెలిసినవే యనవచ్చును. న్యూయార్కు వారికిని తుక్కు మండునని తెలియును. తెలిసినదానిని చేయుటకే చట్టమును, అభ్యాసమును, ఇంట నొకరు చెప్పిన వేరొకరు వినుటయు కావలెను.

పాఠకులకు తుదిగా ఒక్క విన్నపము. ఈ సంచిక చేతికి వచ్చిన వారములో ఒకనాటి రాత్రి భోజనానంతరము ఇంటివారందరిని, పనివారితో సహా, పిలిచి కూర్చుండబెట్టుడు. దీపములార్పి, నిప్పు వంటింట పుట్టినదని యనుకొని, ఎవరు ఏ దారిని పోవుదురో, ముసలివారిని ఎవరు పట్టుకొందురో, తాళము ఎవరు తీయుదురో, వెలుపల ఎచ్చట కలిసికొని తలలు లెక్కింపవలెనో నడచి చూడుడు. పిల్లలకిది ఆటగా నుండును. 101 అను అంకెను వారిచేత కంఠస్థము చేయింపుడు. దుకాణము, ముద్రణాలయము, మగ్గపుశాల, కార్ఖానా గలవారు మరునాడు అచ్చటను ఇట్లే చేయింతురు గాక. పదినిమిషముల పని ఇది. రాత్రి దుకాణపు అటకపై పరుండు కుఱ్ఱవానిని, గోదాముకావలివాని భార్యను, నిన్ననే పనిలో చేరిన పరదేశపు కూలిని మరువకుడు. వారే తఱుచు మరువబడువారు. ఆ దారి తెలిసినవారి లెక్కలో కడపటివాడు కూడ చేరినపుడే ఇంటికి రెండవద్వారము కలదని చెప్పవచ్చును.

వారణావతమున ఆ రాత్రి సొరంగపు మూతివద్ద ఎవరైన ఒక్కరు వెనుదిరిగి, నిద్రించుచున్న ఆ తల్లిని భుజముపట్టి లేపియుండినయెడల కథ ఎట్లు మారియుండెడిదో మేము చెప్పజాలము. మన యిండ్ల కథ మాత్రము ఇంకను మన చేతిలోనే యున్నది.